కొత్తగా మార్చిన పాత ఇల్లు: గ్రీనిచ్ విలేజ్‌లో ఒక పడకగది కో-ఆప్ తీసుకోవచ్చా?

జర్నల్‌స్క్వేర్_జానకి

న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో, న్యూజెర్సీ నుంచి వచ్చే పాత్ (PATH) రైలు తొమ్మిదో వీధి స్టేషనుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక పడకగది కో-ఆప్ చూశాం. 1928లో కట్టిన ఆరంతస్తుల ఇటుక భవనం. ఇల్లు నాలుగో అంతస్తులో. అడుగుతున్నది 9,95,000 డాలర్లు, మెయింటెనెన్స్ నెలకు 1,650. అమ్మేవాళ్లు లోపలంతా కొత్తగా చేయించారు. వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేశారు. తెల్లరాతి గట్టు, ఓక్ చెక్క నేల, రెండు పొరల అద్దాల కిటికీలు, బాత్రూమ్ పూర్తిగా కొత్తది. కోట్లు తగిలించే అలమరలో వాషింగ్ మెషిన్ కూడా అమర్చారు. మా ఆయనకు చూడగానే నచ్చేసింది.

నా బాధ వేరు. భవనాన్ని నడిపే బోర్డుకు ఇవ్వవలసిన కాగితాల జాబితా పంపారు. పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగం తాలూకు ఉత్తరం, ఇవన్నీ సరే. మా నడవడిక గురించి స్నేహితులు రాసిన ఉత్తరాలు కూడా కావాలట, ఇద్దరికీ విడివిడిగా! ఆపైన ఇంటర్వ్యూ. డబ్బు మాది, అప్పు మాది, మేము మంచివాళ్లమని ఎవరో సంతకం పెట్టాలా? ఇక విజయవాడ నుంచి మా మామగారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబే లేదు: "భూమిలో మన వాటా ఎన్ని గజాలు?"

కో-ఆప్‌లో ఉంటున్నవాళ్లు చెప్పండి, ఈ ధరకు ఇది తీసుకోదగినదేనా?

కాండో_కామేశం

సున్నా గజాలు. మామగారికి ఆ మాటే చెప్పండి. కో-ఆప్‌లో మీరు కొనేది ఇల్లు కాదు, భవనం ఎవరి పేరున ఉందో ఆ కంపెనీలో కొన్ని షేర్లు. ఆ షేర్లు ఉన్నందుకు ఫలానా నంబరు ఇంట్లో ఉండవచ్చని కంపెనీ మీకు లీజు రాసి ఇస్తుంది. దాదాపు పది లక్షల డాలర్లు పోసి మళ్లీ లీజుదారుగా బతకడం నాకైతే మింగుడు పడదు. హడ్సన్ నదికి ఇవతల, న్యూజెర్సీ వైపు జెర్సీ సిటీలో కాండో చూసుకోండి. దస్తావేజు మీ పేరున ఉంటుంది, ఎవరి దగ్గరా మంచివాళ్లమని నిరూపించుకోనక్కరలేదు.

ముంబయి_మూర్తి

ఇందులో అంత వింత ఏమీ లేదు. ముంబయిలో మా హౌసింగ్ సొసైటీలోనూ భవనం సొసైటీదే. యాభై రూపాయల షేర్లు అయిదు ఉన్నట్టు మా నాన్నగారి పేరున ఉన్న సర్టిఫికెట్టు ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంది. ఆ కాగితమే మా ఇల్లు. తేడా ఎక్కడంటే, తగిన కారణం లేకుండా సభ్యత్వం నిరాకరించకూడదని మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం చెబుతుంది. న్యూయార్క్‌లో కో-ఆప్ బోర్డు కారణం చెప్పకుండానే కాదనవచ్చు.

రాత్రిడ్యూటీ_రమ

అచ్చం పెళ్లిచూపులే. ఇంతకీ కాఫీ ఎవరిస్తారు, మనమా, బోర్డువాళ్లా?

ముంబయి_మూర్తి

పెళ్లిచూపుల్లో ఎందుకు వద్దన్నారో మధ్యవర్తి నోటి వెంట అయినా బయటపడుతుంది. ఇక్కడ ఆ భాగ్యమూ లేదు.

బోర్డులో_ఒకడు

నేను బ్రూక్లిన్ హైట్స్‌లో ఒక చిన్న కో-ఆప్ బోర్డు సభ్యుణ్ణి కాబట్టి పై తిట్లన్నీ నాకే తగిలాయి. మా వైపు మాట కూడా వినండి. ఆస్తి పన్ను, బాయిలరు ఇంధనం, పనివాళ్ల జీతాలు, భవనం పేరున ఉన్న అప్పు వాయిదా, అన్నీ కంపెనీయే కట్టాలి. ఒకరు మెయింటెనెన్స్ ఎగ్గొడితే ఆ భారం పక్కింటివాళ్ల మీద పడుతుంది. ఇళ్లు తక్కువ ఉన్న భవనంలో ఇద్దరు చేతులెత్తేస్తే మిగిలినవాళ్లకు ఊపిరాడదు.

అందుకే మేము మొదట చూసేది నడవడిక కాదు, రెండు లెక్కలు. అప్పు వాయిదా, మెయింటెనెన్స్ కలిపితే ఆదాయంలో నాలుగో వంతుకు అటూ ఇటుగా ఉన్నాయా? కొన్న తరవాత కూడా ఏడాదికో రెండేళ్లకో సరిపడా సొమ్ము చేతిలో మిగులుతుందా? బోర్డును బట్టి అంకెలు మారతాయి గానీ అడిగేవి ఇవే. ఇంటర్వ్యూ దాకా పిలిచారంటే లెక్కల పరీక్ష చాలామటుకు గట్టెక్కినట్టే.

మూర్తి గారు చెప్పిన దానికి ఒక చేర్పు. కారణం చెప్పనక్కరలేదంటే ఏ కారణంతోనైనా కాదనవచ్చని కాదు. జాతి, మతం, పుట్టిన దేశం, పిల్లలు, వలస లేదా పౌరసత్వ స్థితి, ఇలాంటివి చూసి నిరాకరించడాన్ని న్యూయార్క్ నగర మానవ హక్కుల చట్టం నిషేధించింది.

ఉత్తరాలు రాసేవాళ్లకు ఏమి రాయాలో ముందే చెప్పండి. ఒక దరఖాస్తుదారు గురించి ఆయన మిత్రుడు ఎంతో ప్రేమగా "వాళ్లింట్లో శనివారం కచేరీ మొదలైతే తెల్లవారే దాకా ఆగదు" అని రాశాడు. ఖాళీ అయిన ఇంటికి సరిగ్గా కింద ఉండేది మా బోర్డు కార్యదర్శి.

రాత్రిడ్యూటీ_రమ

తిరస్కరించారా?

బోర్డులో_ఒకడు

లేదు, తీసుకున్నాం. కచేరీ ఇప్పుడు తొమ్మిదింటికి ముగుస్తుంది. ముందు వరసలో కూర్చునేది కార్యదర్శే.

కాండో_కామేశం

కథ బాగుంది. కానీ కారణమే చెప్పనప్పుడు వివక్ష జరిగిందని రుజువు చేసేది ఎలా? మా ఆఫీసులో ఒకతనికి చేతినిండా డబ్బు, పైసా అప్పు లేదు. ఇంటర్వ్యూకు కూడా పిలవకుండా రెండు ముక్కల ఉత్తరంతో సరిపెట్టారు. బేరం మరీ తక్కువకు కుదిరిందని, ఆ ధర బయటికి వస్తే తమ ఇళ్ల విలువ పడిపోతుందని బోర్డు భయపడిందని తరవాత ఏజెంటు ద్వారా తెలిసింది. కొనేవాడికీ నష్టం, అమ్మేవాడికీ నష్టం.

బోర్డులో_ఒకడు

ధర చూసి కాదనే బోర్డులు ఉన్నాయి. నేను వాళ్లను వెనకేసుకురాను.

చక్రవడ్డీ

కామేశం గారు కాండో పక్షాన మాట్లాడేటప్పుడు ఖర్చులు కూడా చెప్పాలి కదా. కో-ఆప్ షేర్ల మీద ఇచ్చే అప్పు స్థిరాస్తి తనఖా కిందికి రాదు. కాబట్టి నగరంలో కాండో కొనేవాళ్లు కట్టే తనఖా నమోదు పన్ను ఇక్కడ ఉండదు. 9,95,000లో 75 శాతం అప్పు అనుకుందాం. 5 లక్షలు, అంతకు మించిన అప్పుకు కొనేవారి మీద పడేది 1.925 శాతం. అంటే సుమారు 14 వేల డాలర్లు మిగిలినట్టే. ధర 10 లక్షలకు అయిదు వేలు ఇవతలే ఎందుకు ఆగిందో గమనించారా? 10 లక్షలు తాకగానే మాన్షన్ ట్యాక్స్ అని మొత్తం ధర మీద 1 శాతం పన్ను మొదలవుతుంది, అదీ కొనేవారే కట్టాలి. ఎవరైనా పోటీకి వచ్చి ధర పెంచితే ఆ గీత దాటకుండా చూసుకోండి.

కాండో_కామేశం

నేను చెప్పింది జెర్సీ సిటీ. ఆ నమోదు పన్ను నదికి ఇవతల లేనే లేదు.

చక్రవడ్డీ

జానకి గారు వెతుకుతున్నది నదికి అవతల.

అసలు విషయానికి వస్తాను. 1,650 అన్నది ఈ నెల అంకె. రాబోయే ఏళ్ల అంకె తెలియాలంటే భవనం ఆడిట్ లెక్కలు, వీలైతే మూడేళ్లవి, మీ లాయరు చేత తెప్పించండి. భవనం పేరున అప్పు ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు తీరుతుంది, ఈ మూడూ చూడండి. ఉదాహరణకు 32 లక్షల అప్పు 3 శాతానికి ఉందనుకోండి. గడువు తీరి 6 శాతానికి తిరగరాస్తే ఏడాదికి 96 వేలు అదనం. మొత్తం షేర్లలో మీవి 1.6 శాతమైతే మీ వాటా నెలకు 128 డాలర్లు. తెల్లరాతి గట్టు ఈ లెక్కను మార్చదు.

మామగారి ప్రశ్నను మాత్రం నవ్వి వదిలేయకండి. ఈ ఊళ్లో కొన్ని కో-ఆప్‌లకు భవనమే సొంతం, నేల వేరేవాళ్లది. ఆ నేల లీజు తిరగరాసే రోజు వస్తే అద్దె ఎన్ని రెట్లు పెరుగుతుందో, దాంతో మెయింటెనెన్స్ ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట అప్పివ్వడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. నేల కంపెనీదేనా అని మొట్టమొదట అడగండి.

జర్నల్‌స్క్వేర్_జానకి

ఇది మామగారికి చదివి వినిపించాను. "చూశావా" అని ఒక్క మాట అని ఫోను అత్తగారికి ఇచ్చారు. లాయరును అడిగాం, నేల కంపెనీదే. భవనం అప్పు వివరాలు రావాలి.

బ్లీకర్_బామ్మ

అమ్మాయీ, నేను ఈ పేటలో అద్దెకు ఉంటుండగా 1980లలో మా భవనం కో-ఆప్‌గా మారింది. అప్పట్లో ఇలా చాలా భవనాలు మారాయి. లోపల ఉన్నవాళ్లకు బయటి ధర కన్నా బాగా తక్కువకు ఇచ్చారు. కొనడం ఇష్టం లేనివాళ్లు అద్దెకే ఉండిపోయారు. మా పై అంతస్తులో ఒకావిడ నేటికీ అలాగే ఉంది, నా మెయింటెనెన్స్ కన్నా ఆవిడ అద్దె తక్కువ. మేమిద్దరం మెట్ల మీద కలిసినప్పుడల్లా ఆ మాట ఆవిడే గుర్తుచేస్తుంది.

ఈ పేట సంగతి కూడా తెలుసుకో. 1811లో మన్‌హటన్‌కు గళ్ల నుడికట్టులా వీధులు గీసినప్పుడు విలేజ్ అందులో పడలేదు. అందుకే పశ్చిమ నాలుగో వీధి వెళ్లి పదో వీధిని, పదకొండును, పన్నెండును అడ్డంగా దాటుతుంది. మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చే చుట్టాలందరూ ఆ కూడలిలో నిలబడే ఫోను చేస్తారు. వాషింగ్టన్ స్క్వేర్ పార్కు మధ్యనుంచి కార్ల రోడ్డు వేస్తామంటే ఇక్కడి తల్లులు, అద్దెదారులు పోరాడి ఆపారు. 1969లో పేటలో చాలా భాగాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. రెండు వేలకు పైగా భవనాలు దాని కిందికి వస్తాయి. నువ్వు చూసిన ఇల్లు ఆ హద్దులోదే అయితే బయటికి కనిపించే ఏ మార్పుకైనా లాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి. రెండు పొరల అద్దాల కిటికీలు అన్నావు. వాటికి కాగితం ఉందా?

ఇంకొకటి. చలికాలంలో ఆవిరి రేడియేటరు మీట నీ చేతిలో ఉండదు. జనవరిలో బయట మంచు కురుస్తుంటే మేము కిటికీ తెరిచి పడుకుంటాం.

కాండో_కామేశం

ఇంత పాత భవనమంటే ఎదుట పరంజా ఎన్నేళ్లు ఉంటుందో ఎవరికి తెలుసు? అయిదేళ్లకోసారి ముఖభాగం తనిఖీ, ఆపైన మరమ్మతు, దానికి ప్రత్యేక వసూళ్లు. వీధి వీధంతా ఆ ఆకుపచ్చ చెక్కల కిందే నడుస్తున్నాం.

కొలతబద్ద

ఆ తనిఖీ ఆరు అంతస్తులు దాటిన భవనాలకే. 1979లో పైనుంచి ఊడిపడిన ముక్క తగిలి ఒక విద్యార్థిని చనిపోయాక ఆ చట్టం వచ్చింది, 1998లో దాన్ని కఠినం చేశారు. జానకి గారిది ఆరంతస్తులే. ఇటుక పాడైతే బాగు చేయించక తప్పదు గానీ అయిదేళ్ల గడువు వాళ్లకు వర్తించదు. వర్తించేవి వేరే ఉన్నాయి. గ్యాసు పైపుల తనిఖీ నాలుగేళ్లకోసారి. భవనం 25,000 చదరపు అడుగులు దాటితే 2024 నుంచి కర్బన ఉద్గారాల పరిమితి, మించితే టన్నుకు 268 డాలర్ల జరిమానా, 2030లో పరిమితి ఇంకా బిగుస్తుంది. పాత బాయిలరు ఉంటే బోర్డు దాని గురించి ఏమి ఆలోచిస్తోందో సమావేశాల మినిట్సులో ఉంటుంది, లాయరు వెళ్లి చదవాలి.

నాకు అసలు అనుమానం ఇంటి లోపల. నేను ఈ ఊళ్లో పాత ఇళ్ల మార్పులకు నక్షాలు గీస్తాను. మీరు రాసినదాంట్లో మూడు చోట్ల ఆగాను: తీసేసిన గోడ, కొత్త బాత్రూమ్, అలమరలో వాషింగ్ మెషిన్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన భవనాల్లో చాలా బోర్డులు ఇంట్లో వాషింగ్ మెషిన్ ఒప్పుకోవు. నిలువు మురుగు గొట్టం సన్నగా ఉంటుంది, పై ఇంటి నురగ కింది ఇంటి సింకులో పొంగుతుంది. మళ్లీ ఇల్లు చూడటానికి వెళ్తే ఈ పనులు చేయండి. సింకు కింద తలుపు తీసి చూడండి, కొత్త రాగి గొట్టం ఎక్కడ ఆగి పాతది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. బాత్రూమ్ గుమ్మంలో చెప్పులు లేకుండా నిలబడండి. లోపలి నేల హాలు నేల కన్నా ఎత్తుగా ఉందా? ఉంటే ఎంత?

రాత్రిడ్యూటీ_రమ

చెప్పులు లేకుండా ఎందుకో?

కొలతబద్ద

కమోడ్‌ను గానీ షవర్‌ను గానీ పాత చోటు నుంచి జరిపితే మురుగు గొట్టానికి వాలు కావాలి. సన్న గొట్టానికి అడుగుకు పావు అంగుళం. కాంక్రీటు పలకను తవ్వనివ్వరు కాబట్టి గొట్టాన్ని పలక మీదే పరిచి నేలను ఎత్తు చేస్తారు. అరికాలికి తెలిసినంత త్వరగా కంటికి తెలియదు. ఒక అంగుళం లోపు గడప మామూలే. రెండు అంగుళాలు దాటితే ఏదో జరిగిందని అర్థం.

అలా జరిపితే వచ్చే చిక్కు: మీ తడి గది కింద వాళ్ల పొడి గది ఉండకూడదని చాలా భవనాల నియమం. కింది ఇంటి పడకగది పైన మీ షవరు ఉంటే బోర్డు ఒప్పుకోదు. అనుమతి లేకుండా చేసి ఉంటే దాన్ని సరిచేయవలసినది రేపటి యజమాని, అంటే మీరు.

గుత్తివంకాయ

వంటగది గోడ తీసేస్తే తాలింపు సంగతేమిటి? కిటికీ లేని వంటగదిలో పొయ్యి పైన ఉండే పొగ పీల్చే హుడ్ చాలాచోట్ల పొగను బయటికి పంపదు, గాలిని జల్లెడ పట్టి మళ్లీ మన మీదికే వదులుతుంది. మా కో-ఆప్‌లో నేను ఎండుమిరపకాయలు వేయించినప్పుడల్లా వరండాలో దగ్గు వినిపిస్తుంది. ఒకసారి ఎదురింటి పెద్దాయన తలుపు కొట్టారు, గొడవకు వచ్చారనుకున్నాను. "అది ఏమి పొడి?" అని సీసా ఖాళీ చేసుకుపోయారు. అందరికీ అలాంటి ఎదురిల్లు దొరకదు. పైగా గ్యాసు తనిఖీలో చిన్న లీకు దొరికినా భవనం మొత్తానికి గ్యాసు కట్టేస్తారు, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. మేము అంతకాలం కరెంటు పొయ్యి మీద దోసెలు పోసుకున్నాం.

బ్లీకర్_బామ్మ

కరెంటు పొయ్యి మీద దోసె అంచులు ఎర్రబడవు, నడుమ మాత్రం మాడుతుంది.

గుత్తివంకాయ

పెనం మందంగా ఉంటే ఎర్రబడతాయి బామ్మగారూ. ఇది వేరే చర్చ, ఎక్కడైనా విడిగా పెట్టుకుందాం.

జర్నల్‌స్క్వేర్_జానకి

మళ్లీ వెళ్లి చూశాం. కొలతబద్ద గారు చెప్పినట్టే చెప్పులు విప్పి నిలబడ్డాను. ఏజెంటు వింతగా చూశాడు. బాత్రూమ్ నేల రెండున్నర అంగుళాలు ఎత్తుగా ఉంది, టేపు పెట్టి కొలిచాను. గుమ్మంలో నల్లరాతి గడప వేసి అందంగా కప్పారు కాబట్టి మొదటిసారి మెట్టు అనుకున్నాను. లోపల కమోడ్ పక్క గోడ బోలుగా మోగుతోంది. సింకు కింద మెరిసే రాగి గొట్టం జానెడు పొడవు వెళ్లి, రంగు వేసిన పాత ఇనప గొట్టంలోకి దూరింది. కలిసిన చోట తెల్లటి పొడి పేరుకుని ఉంది.

నగరం భవనాల శాఖ వెబ్‌సైటులో చిరునామా కొట్టి చూశాను. వంటగది గోడకూ ప్లంబింగుకూ పర్మిట్ ఉంది గానీ పని పూర్తయినట్టు మూసివేత లేదు. కిటికీలు మాత్రం భవనమంతా ఒకేసారి మార్చారట, కమిషన్ అనుమతి కాగితం ఏజెంటు చూపించాడు. ఇంటి నియమాల పుస్తకం కూడా తెచ్చుకున్నాం. ఇళ్లలో వాషింగ్ మెషిన్లు నిషేధం, బేస్‌మెంటులో అందరికీ కలిపి ఉన్నాయి అని స్పష్టంగా ఉంది. ఏజెంటును అడిగితే "ఇక్కడ ఎవరూ పట్టించుకోరు" అన్నాడు.

బోర్డులో_ఒకడు

ఆ "ఎవరూ పట్టించుకోరు" అన్న మాటను కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వడు. నేను చూసినంతలో వాషింగ్ మెషిన్ గురించి బోర్డుకు ఫిర్యాదు చేసేది ఎప్పుడూ కింది ఇంటివాళ్లే. అదీ పాత యజమాని ఉన్నంతకాలం మొహమాటంతో ఊరుకుని, కొత్తవాళ్లు దిగిన వారంలోనే.

కాండో_కామేశం

ఇక వదిలేయండి. ఒక మెషిన్ కోసం బోర్డును బతిమాలుకునే చోట ఉండటం ఎందుకు? కోర్టుకు వెళ్లి మన ఇంట్లో మనం ఏమైనా చేసుకుంటాం అంటే సరి.

కొలతబద్ద

కోర్టు ఆ పేటలోనే ఒక భవనం విషయంలో తేల్చేసింది. వన్ ఫిఫ్త్ అవెన్యూలో ఒక షేర్‌హోల్డరు, స్వయంగా ఆర్కిటెక్టు, వంటగది పెద్దది చేసుకుంటూ ఆవిరి గొట్టాన్ని జరపబోయారు. బోర్డు పని ఆపించింది. 1990లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం బోర్డు పక్షానే తీర్పు ఇచ్చింది. బోర్డు తన అధికారం పరిధిలో, సదుద్దేశంతో, భవనం మేలు కోసం తీసుకున్న నిర్ణయాన్ని కోర్టు తిరగతోడదు అన్నది దాని సారం. నేటికీ ప్రతి కో-ఆప్ లాయరూ ఆ తీర్పునే ఎత్తి చూపిస్తాడు. 2003లో అదే న్యాయస్థానం ఇంకా ముందుకు వెళ్లి, వెస్ట్ 67వ వీధిలో ఒక షేర్‌హోల్డరు ప్రవర్తన భరించరానిదని తోటివాళ్లు ఓటు వేసి లీజు రద్దు చేస్తే దాన్నీ సమర్థించింది.

కాండో_కామేశం

నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా!

కొలతబద్ద

మీరు దీన్ని భయంగా చూస్తున్నారు. నేను కింది ఇంటివాడి వైపు నుంచి చూస్తున్నాను. పై ఇంటాయన షవరు నా పడకగది మీదికి జరిపితే దాన్ని ఆపే శక్తి నా ఒక్కడికి ఉండదు, బోర్డుకు ఉంటుంది. కాండోలో పై ఇంటి నీళ్లు కారితే ఏమవుతుందో మీరూ రాశారు కదా, వేరే చర్చలో.

కాండో_కామేశం

రాశాను. బీమా కంపెనీల మధ్య ఆ గొడవ ఇంకా నడుస్తోంది. దాన్ని ఇక్కడికి లాగకండి.

చక్రవడ్డీ

జానకి గారూ, ఒప్పందం మీద సంతకం చేశారా? న్యూయార్క్‌లో ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన ఎవరూ కట్టుబడి ఉండరు. ఇద్దరూ సంతకాలు చేసి మీరు బయానా కట్టాకే చిక్కు. ఇప్పటిదాకా పోయేది లాయరు ఖర్చే.

జర్నల్‌స్క్వేర్_జానకి

చేయలేదు.

కొలతబద్ద

అయితే మూడు షరతులు పెట్టమని లాయరుకు చెప్పండి. ఒకటి, పర్మిట్ మూసివేయించి నగరం ఇచ్చే లేఖ తేవాలి. రెండు, మెషిన్ తీసేసి గొట్టాల నోళ్లు ప్లంబరు చేత మూయించాలి. మూడు, బాత్రూమ్ ఇప్పుడున్న రూపంలోనే బోర్డు ఆమోదించిందని భవనం మేనేజరు సంతకంతో కాగితం కావాలి. మార్పులకు ముందు బోర్డుతో చేసుకున్న ఒప్పందం, దానికి జత చేసిన నక్షా అడిగి తీసుకోండి. నక్షాలో కమోడ్ ఎక్కడుందో, ఇంట్లో ఎక్కడుందో మీ టేపుతోనే తేలిపోతుంది.

ముంబయి_మూర్తి

ఇదంతా అయ్యాక వాళ్లు ధర ఒక ఇరవై ముప్ఫై వేలు తగ్గిస్తామంటే ఒప్పుకోకూడదా? బాత్రూమ్ మనమే సరిచేయించుకోవచ్చు కదా.

కొలతబద్ద

గొట్టాలను పాత చోటికి తేవాలంటే కొత్త టైళ్లన్నీ పగలగొట్టాలి, బోర్డుకు మళ్లీ దరఖాస్తు, ఆస్బెస్టాస్ తనిఖీ కాగితం, ఆర్కిటెక్టు రుసుము, కింది ఇంటివాళ్ల సీలింగుకు పూచీ. పైగా చాలా భవనాల్లో ఇలాంటి పనులు వేసవి నెలల్లోనే చేయనిస్తారు. ముప్ఫై వేలతో అయ్యే పని కాదు. అది అయ్యేదాకా ఇంట్లో ఉన్న బాత్రూమ్ అదొక్కటే.

రాత్రిడ్యూటీ_రమ

మా ఆసుపత్రి దగ్గరే, స్నానానికి రండి జానకి గారూ.

జర్నల్‌స్క్వేర్_జానకి

అమ్మేవాళ్ల నుంచి జవాబులు వచ్చాయి. పర్మిట్ మూసివేయిస్తామన్నారు, మెషిన్ తీసేస్తామన్నారు. బాత్రూమ్ దగ్గర బిగిసిపోయారు. బోర్డుకు ఇచ్చిన నక్షాలో కమోడ్ పాత చోటే ఉంది. ఇంట్లో మూడడుగులు పక్కకు జరిగింది, కింది ఇంట్లో ఆ చోట పడకగది. మా లాయరు అడిగేదాకా భవనం మేనేజరుకు కూడా తెలియదట. ఇప్పుడు బోర్డు అమ్మేవాళ్ల నుంచి వివరణ కోరింది. "మీరు అడగకుండా ఉంటే అందరం హాయిగా ఉండేవాళ్లం" అని ఏజెంటు నిష్ఠూరం. మేము తప్పుకున్నాం.

బోర్డులో_ఒకడు

ఆ బోర్డు మీకు ధన్యవాదాలు చెప్పాలి. చెప్పదు గానీ.

కాండో_కామేశం

కింది ఇంట్లో పడుకునే మనిషి చెబుతాడు, తెలిస్తే.

బ్లీకర్_బామ్మ

మా వీధిలోనే ఒకటి అమ్మకానికి ఉంది అమ్మాయీ. ఎవరూ ముట్టుకోని ఇల్లు. బాత్రూమ్‌లో గులాబీరంగు టైళ్లు, 1950ల నాటివి. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు ఊపిరి బిగబట్టాలి. పోయినావిడ పిల్లలు అమ్ముతున్నారు. ధర దీనికన్నా బాగా తక్కువ విన్నాను.

జర్నల్‌స్క్వేర్_జానకి

అదే ఈ ఆదివారం చూడబోతున్నాం బామ్మగారూ! 8,40,000 అడుగుతున్నారు. మా ఆయన ముఖం అప్పుడే చిన్నబోయింది. కొలతబద్ద గారూ, ప్రకటనలో కరెంటు గురించి ఒక్క మాటా లేదు. ఫోటోలో గుండ్రని గాజు ఫ్యూజుల పెట్టె కనిపిస్తోంది.

కొలతబద్ద

ఆ పెట్టె మీద ఎన్ని యాంపులని ఉందో ఫోటో తీయండి. అంతకన్నా ముఖ్యం, బేస్‌మెంటు నుంచి ఆ వరస ఇళ్లకు వచ్చే తీగ ఎంత మోయగలదో భవనం బాగోగులు చూసే సూపరింటెండెంటును అడగండి. ఇంట్లో పెట్టె మార్చడం తేలిక, భవనం తీగ మార్చాలంటే మళ్లీ బోర్డే దిక్కు. అది సన్నదైతే ఏసీ, ఇండక్షన్ పొయ్యి ఒకేసారి నడవవు.

గుత్తివంకాయ

అయితే గ్యాసు పొయ్యి ఉందో లేదో కూడా చూడండి. ఉంటే వెలిగించి చూడండి.